విటుడి మీద కేసు పెట్టే ముందు

తెలుగులో ఆమెకు పేర్లకు కొదవ లేదు. వెలయాలు, వేశ్య, సాని, భోగం మనిషి, ఇంకా వీధి కొళాయిల దగ్గర అరుచుకునేవి. వెలయాలు అన్న మాటను విడదీసి చూడండి: వెల, ఆలు. ధర ఆమె పేరులోనే కలిసిపోయింది. ఆ ధర ఇచ్చి పోయేవాడికి మాత్రం పాత నాటకాల నాటి మర్యాదైన మాట ఒక్కటే ఉంది, విటుడు. అనంతపురం, కడప, కర్నూలు జిల్లా పేజీల్లో వచ్చే దాడి వార్తలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నిర్వాహకురాలు, ఇద్దరు విటుల అరెస్టు అని శీర్షిక. కింద చున్నీలతో ముఖాలు కప్పుకున్న ఆడవాళ్ల ఫొటో. విటుల ఫొటో ఉండదు.

ఆ పేజీ చూసినవాళ్లకు ‘కొనేవాడే లేకుంటే అమ్మేదెవరు, ముందు వాడిని లోపలెయ్యండి’ అనిపించడంలో తప్పేమీ లేదు. స్వీడన్ అదే చేసింది కదా, మనమెందుకు చేయకూడదు అని అడిగేవాళ్లలో నేను గౌరవించే మనుషులు చాలామంది ఉన్నారు. అయినా వాళ్లతో నాకు పేచీ ఉంది. కొనడాన్ని మొత్తంగా నేరం చేసే సెక్షన్‌ను తెచ్చి ఇప్పుడున్న చట్టానికి అతికిస్తే, రాయలసీమలో దాని దెబ్బ మొదట పడేది ఆడవాళ్ల మీదే. బలవంతంగా తెచ్చిపెట్టిన మనిషి దగ్గరికి పోయినవాడి సంగతి వేరు. వాడిని ‘నాకు తెలీదు’ అనే సాకు కూడా లేకుండా శిక్షించాలి. ముందు తీసేయాల్సినవి తీసేసి, తరువాత పెట్టాల్సింది పెట్టాలి. ఈ వరస తప్పితే మంచి చట్టం కూడా చెడ్డ పనే చేస్తుంది.

ముందు ఉన్న చట్టం చూద్దాం. 1956లో వచ్చి, 1986లో సవరణతో పేరు మార్చుకున్న అనైతిక వ్యాపార నిరోధక చట్టాన్ని స్టేషన్లలోనూ పేపర్లలోనూ పీటా అంటారు. వయసొచ్చిన స్త్రీ డబ్బు తీసుకుని శృంగారంలో పాల్గొనడం పీటాలో నేరం కాదు. ఈ మాట చెబితే వకీళ్లలో కూడా కొందరు ఆశ్చర్యపోతారు. నేరాలన్నీ దాని చుట్టూ ఉన్నాయి. వ్యభిచార గృహం నడపడం 3వ సెక్షన్, ఆమె సంపాదన మీద బతకడం 4, మనిషిని ఇందులోకి తేవడం 5, నిర్బంధించడం 6. ఇంతవరకు దళారుల సంగతి. 7, 8 దగ్గరికొచ్చేసరికి చట్టం ఆమె వైపు తిరుగుతుంది.

7వ సెక్షన్ ప్రకారం గుడి, మసీదు లాంటి ప్రార్థనా స్థలం, బడి, హాస్టల్, ఆసుపత్రి, నర్సింగ్ హోమ్ వంటి చోట్లకు 200 మీటర్ల లోపల వ్యభిచారం చేస్తే మూడు నెలల దాకా జైలు. కడపలో ఏడు రోడ్ల కూడలి నుంచి, అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి, కర్నూలులో రాజ్‌విహార్ నుంచి ఏ దిక్కుకైనా 200 మీటర్లు నడిచి చూడండి. గుడో, దర్గానో, ట్యూషన్ల బడో, పిల్లల డాక్టరు నర్సింగ్ హోమో ఎదురవుతుంది. మన పట్టణాలలో ఈ గీత బయట ఉండే గది దొరకడం కష్టం. అంటే కాగితం మీద నేరం కానిది పట్టణంలో దాదాపు ప్రతిచోటా నేరమవుతుంది. కేసు నిలవాలంటే ఆ దూరం కొలిచి రఫ్ స్కెచ్‌లో చూపించాలి. చాలా స్కెచ్‌లలో గుడి పేరుంటుంది, మీటర్లుండవు. పట్టించుకునే వకీలుంటే ఆమె అక్కడే బయటపడుతుంది. అలాంటి వకీలు ఆమెకు దొరకడమే అరుదు.

8వ సెక్షన్ ఇంకా విచిత్రం. బహిరంగ స్థలంలో గానీ, బయటికి కనిపించేలా కిటికీలోంచో బాల్కనీలోంచో గానీ మాటతో, సైగతో పిలిస్తే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా 500 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే ఏడాది దాకా. అదే సెక్షన్ కింద నేరం చేసినవాడు మగవాడైతే ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల దాకా. పిలిచింది ఆమె అయితే గరిష్ఠం ఆరు నెలలు, అతను అయితే మూడు. ఈ తేడాను ఇన్నేళ్లుగా ఎవరూ దిద్దలేదు.

అసలు పదును 10ఎ లో ఉంది. 7 లేదా 8 కింద శిక్ష పడిన స్త్రీని, జైలుకు బదులుగా దిద్దుబాటు సంస్థకు పంపే అధికారం కోర్టుకుంది. ఆ ‘బదులు’ ఎంతో తెలుసా? రెండేళ్లకు తగ్గకుండా, ఐదేళ్లకు మించకుండా. మూడు నెలల నేరానికి ఆమె మేలు కోరి రెండేళ్లు! అందుకే ‘ఒప్పేసుకో అక్కా, ఐదొందలు కట్టి పోదువు’ అని కోర్టు వరండాలో ఇచ్చే సలహా ప్రమాదకరం. ఒప్పుకుంటే ఆమె దోషి అని రికార్డులో పడుతుంది. రెండోసారి పట్టుబడితే పై మెట్టు శిక్ష. వీటికి తోడు 20వ సెక్షన్ ఉంది. ఆమెను ఆ ప్రాంతం వదిలి పొమ్మని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. 1963లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందనే చెప్పింది.

వ్యభిచార గృహం అన్న మాటకు నిర్వచనం కూడా చూడాలి. ఇల్లు, గది, బండి, ఏదైనా సరే, మరొకరి లాభానికి వాడినా, ‘ఇద్దరు లేక అంతకు మించి వేశ్యల పరస్పర లాభానికి’ వాడినా అది వ్యభిచార గృహమే. భద్రత కోసం ఇద్దరు స్త్రీలు కలిసి ఒక గది బాడుగకు తీసుకుంటే ఇద్దరూ ఒకరి గృహానికి మరొకరు నిర్వాహకులైపోతారు. 4వ సెక్షన్‌లో ఆమె సంపాదన మీద బతికేవాళ్లంటే పద్దెనిమిది దాటినవాళ్లెవరైనా సరే. డిగ్రీ చదివే కొడుకూ అందులోకి వస్తాడు, మంచంలో ఉన్న తల్లీ వస్తుంది.

ఇక విటుడి సంగతి. అతన్ని చట్టం పూర్తిగా వదిలేసిందనుకోవడం పొరపాటు. 7వ సెక్షన్‌లోనే ‘ఆ వ్యభిచారం ఎవరితో జరుగుతోందో ఆ వ్యక్తి’ అని ఉంది. 200 మీటర్ల లోపలైతే అతనికీ మూడు నెలలే. పిల్లతో అయితే ఏడేళ్లకు తగ్గదు, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో అదనం. 2013 సవరణతో ఐపీసీలో 370ఎ వచ్చింది. అక్రమ రవాణాకు గురైన మనిషి అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణాలుండి గానీ లైంగికంగా వాడుకుంటే జైలు. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహిత 144గా మారింది. పెద్దవాళ్ల విషయంలో కనీసం మూడేళ్లు, పిల్లల విషయంలో కనీసం ఐదేళ్లు. అంటే దేశంలో కొనుగోలుదారు నేరం ఇప్పటికే ఉంది, చిన్నదేమీ కాదు. స్టేషన్లు దాన్ని వాడకుండా ఏం చేస్తాయి? అతన్ని కూడా నిర్వాహకురాలితో కలిపి 3, 4, 5 సెక్షన్ల కింద రాసేస్తాయి. అతను హైకోర్టుకు పోతాడు. నేను గృహం నడపలేదు, ఎవరి సంపాదన మీదా బతకలేదు, ఎవరినీ తేలేదు అంటాడు. మాట నిజమే కాబట్టి కేసు కొట్టేస్తారు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక హైకోర్టుల్లో ఇలాంటి తీర్పులు కుప్పలుగా ఉన్నాయి. కేరళ హైకోర్టు మాత్రం 2025లో వేరే దారి పట్టింది. డబ్బిచ్చేవాడు ఆమెను ఆ పనికి పురిగొల్పుతున్నట్టే కాబట్టి 5వ సెక్షన్‌లోని ఒక భాగం అతనికి వర్తిస్తుందంది. ఆ వాదన మిగతా చోట్ల నిలుస్తుందో లేదో గానీ, ఒకే చట్టానికి పక్కపక్క రాష్ట్రాల్లో రెండు అర్థాలు నడుస్తున్నాయి.

దాడి ఎలా జరగాలో, ఎక్కడ చెడుతుందో తెలియకుండా ఈ చర్చ చేసేవాళ్లే ఎక్కువ. పీటా కింద దర్యాప్తు చేయాల్సింది 13వ సెక్షన్ కింద నియమించిన ప్రత్యేక పోలీసు అధికారి, ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు. వేరేవాళ్లు దర్యాప్తు చేస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే తేల్చింది. అయినా ఎస్ఐ దాడి చేసి, ఎస్ఐ వాంగ్మూలాలు రాసి, చివర ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టిన ఫైళ్లు వస్తూనే ఉన్నాయి. అవి పుట్టుకతోనే చచ్చిన కేసులు.

వారంట్ లేకుండా సోదా చేయాలంటే అధికారి ముందు తన కారణాలు రాసి పెట్టుకోవాలి. ఆ ప్రాంతంలో పరువున్న ఇద్దరు సాక్షులను పిలవాలి, వాళ్లలో కనీసం ఒకరు స్త్రీ కావాలి. ఆ స్త్రీ అదే వీధి మనిషి కానక్కర్లేదని చట్టమే వెసులుబాటిచ్చింది. ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి. ఆమెను మహిళా పోలీసే ప్రశ్నించాలి. మహిళా పోలీసు లేకుంటే గుర్తింపున్న సంక్షేమ సంస్థ స్త్రీ సమక్షంలో అడగాలి. వెంటనే మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, వయసుకూ గాయాలకూ వైద్య పరీక్ష చేయించాలి. జరిగేదేమిటంటే, స్టేషన్ పక్కన టీ కొట్టతనూ జిరాక్స్ షాపతనూ పంచులవుతారు. ఏడాదికి పది పంచనామాల్లో అవే రెండు సంతకాలుంటే డిఫెన్స్ వకీలు కష్టపడాల్సిన పనే లేదు.

పంచనామాలో స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా చూడండి: నగదు ఇంత, సెల్‌ఫోన్లు ఇన్ని, కండోమ్ ప్యాకెట్లు ఇన్ని. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో జస్టిస్ లావు నాగేశ్వరరావు, మన తెలుగువాడే, నాయకత్వంలోని బెంచి ఇచ్చిన ఆదేశాల్లో ఈ విషయం ఉంది. కండోమును నేరానికి సాక్ష్యంగా చూపొద్దని. దీని గురించి పత్రికలు రాసింది ఒకటి, ఉన్నది ఒకటి. సెక్స్ వర్క్‌ను వృత్తిగా గుర్తించారు, ఇక అరెస్టులుండవు అని శీర్షికలు వచ్చాయి. కోర్టు ముందున్న కమిటీ చేసిన సిఫార్సులు పది. నాలుగింటికి కేంద్రం అభ్యంతరం చెప్పింది, ఇష్టపూర్వకంగా ఉన్నవాళ్లను దాడిలో అరెస్టు చేయొద్దన్నది ఆ నాలుగింటిలోదే. గట్టిగా అమలు చేయమని కోర్టు చెప్పింది మిగతా ఆరింటిని. లైంగిక దాడికి గురైతే వైద్యం అందించడం, రక్షణ గృహాల్లో ఇష్టం లేకుండా ఉంచిన పెద్దవాళ్ల కేసులు సమీక్షించడం, పోలీసులకు శిక్షణ, మీడియాలో గుర్తింపు బయటపెట్టకపోవడం, కండోము సంగతి, న్యాయసేవా సంస్థల ద్వారా హక్కులు తెలియజెప్పడం. ఇన్‌స్పెక్టర్‌తో వాదించేటప్పుడు ‘సుప్రీంకోర్టు అరెస్టు వద్దంది’ అంటే ఆయన నవ్వుతాడు. ఏ సిఫార్సు ఆదేశమైందో చూపిస్తే నవ్వడు.

ఆమె తరువాత పోయేది 17వ సెక్షన్ దారిలో. సంబంధిత మేజిస్ట్రేట్ ముందుకు తెచ్చేదాకా, దగ్గరి మేజిస్ట్రేట్ ఆదేశంతో ఉంచినా పది రోజులకు మించకూడదు. విచారణ సమయంలో తాత్కాలిక నిర్బంధం మూడు వారాలకు మించకూడదు. సాయానికి ఐదుగురు పెద్దల ప్యానెల్‌ను పిలవొచ్చు, వీలైతే అందులో ముగ్గురు స్త్రీలు. చివరికి ఏడాది నుంచి మూడేళ్ల దాకా రక్షణ గృహంలో ఉంచమని ఆదేశించవచ్చు. ఆమె నేరస్తురాలు కాదు, బాధితురాలు. అయినా తాళం లోపలే. ఇందులో నన్ను ఎక్కువ బాధించేది తాళం కన్నా ఊరి విచారణ. ఆమె కుటుంబం ఆమెను చూసుకోగలదా అని తెలుసుకోవడానికి ప్రొబేషన్ అధికారి ఊరికి పోతాడు. జీపు ఆగుతుంది. ‘ఫలానా ఇల్లు యాడ?’ అని రచ్చబండ దగ్గర అడుగుతారు. అప్పటిదాకా బెంగళూరులో గార్మెంట్స్‌లో పనిచేస్తోందని తల్లి చెప్పుకుంటున్న మాట ఆ పూటతో అయిపోతుంది. ఇంకో చిక్కు, విడిపించుకోవడానికి ‘మేనమామ’ అంటూ వచ్చేవాడు ఒక్కోసారి ఆమెను అమ్మిన మనిషే అవుతాడు.

ఇప్పుడు చర్చకు ముఖ్యమైన ఒక చిన్న సాంకేతిక విషయం. దాడిలో దొరికిన విటుడు చాలా కేసుల్లో నిర్వాహకుడి మీద ప్రత్యక్ష సాక్ష్యం. డబ్బు ఎవరి చేతికిచ్చాడు, గది ఎవరు చూపించారు, ఫోన్‌లో ఎవరు మాట్లాడారు అన్నది అతను చెబితేనే 3, 5 సెక్షన్లు నిలబడతాయి. కొనడాన్నే నేరం చేసిన క్షణం అతను నిందితుడు. రాజ్యాంగంలోని 20వ అధికరణం మూడో క్లాజు ప్రకారం తన మీద తాను సాక్ష్యం చెప్పనక్కర్లేదు, నోరు మూసుకుంటాడు. అప్రూవర్‌గా మార్చి, క్షమాభిక్షకు బదులుగా సాక్ష్యం చెప్పించవచ్చు కదా అంటారా? క్షమాభిక్ష ఇవ్వాలంటే కేసులో ఏడేళ్లు, ఆపైన శిక్ష పడగల నేరమో, సెషన్స్ కోర్టు విచారించే నేరమో ఉండాలి. 5వ సెక్షన్‌కు శిక్ష ఏడేళ్ల దాకానో అంతకు మించో ఉంది కాబట్టి అక్కడ దారుంది. 3, 4 సెక్షన్లతోనే నడిచే సాధారణ లాడ్జి కేసులో లేదు. కొనేవాడిని పట్టుకునే తొందరలో నడిపేవాడిని వదిలేసినట్టవుతుంది.

స్వీడన్ వాదన బలహీనమైంది కాదు, దాన్ని నిజాయితీగా చెప్పుకోవాలి. 1999 జనవరి 1 నుంచి అక్కడ కొనడం నేరం, అమ్మడం కాదు. మొదట జరిమానా లేదా ఆరు నెలలు, 2011లో ఏడాదికి పెంచారు, 2022లో జరిమానాతో సరిపెట్టే వీలే తీసేశారు. 2010లో వాళ్ల ప్రభుత్వ విచారణ వీధి వ్యభిచారం సగానికి తగ్గిందని చెప్పింది. తరలించేవాళ్లకు ఆ దేశం లాభసాటి సంతగా లేకుండా పోయిందని పోలీసుల మాట. నార్వే, ఐస్‌లాండ్ 2009లో, కెనడా 2014లో, ఫ్రాన్స్ 2016లో, ఐర్లండ్ 2017లో అదే దారి పట్టాయి. ఫ్రాన్స్‌లో మొదటిసారి 1,500 యూరోల దాకా, మళ్లీ దొరికితే 3,750 దాకా జరిమానా. ఆ చట్టం మా ప్రాణాల మీదికి తెచ్చిందని 261 మంది యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు పోయారు. 2024 జులై 25న ఆ కోర్టు ఫ్రాన్స్ పక్షాన నిలిచింది.

ఎదురుగా ఉన్నవి కూడా చూడాలి. ఉత్తర ఐర్లండ్‌లో 2015లో చట్టం వచ్చింది. అక్కడి న్యాయ శాఖ చేయించిన 2019 అధ్యయనం గిరాకీ తగ్గిందనడానికి ఆధారం లేదంది. ఐర్లండ్ కొనడాన్ని నేరం చేసిన చట్టంలోనే గృహ నిర్వహణ శిక్ష పెంచింది. 2019లో ఒకే ఇంట్లో పనిచేస్తున్న ఇద్దరు వలస స్త్రీలకు తొమ్మిది నెలల చొప్పున జైలు పడింది. మన నిర్వచనంలోని ఆ ‘ఇద్దరు’ గుర్తొచ్చారా? ఓస్లోలో పోలీసులు ఇంటి యజమానులకు నోటీసులిచ్చి ఆడవాళ్లను ఖాళీ చేయించిన పథకానికి పేరే ఆపరేషన్ హోమ్‌లెస్. మన 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఏడు రోజుల గడువుతో నోటీసిచ్చి ఇల్లు ఖాళీ చేయించేది ఇదే పని.

ఒక్క మాట మాత్రం ఇక్కడి స్వీడన్ అభిమానులు చెప్పరు. ఫ్రాన్స్ కొనడాన్ని నేరం చేసిన అదే చట్టంతో, వీధిలో పిలవడం అనే నేరాన్ని రద్దు చేసింది. బయటపడాలనుకునేవాళ్లకు ఇరవై నాలుగు నెలల దాకా నెలవారీ భృతి, నివాస అనుమతి పెట్టింది. ఆ భృతి తక్కువే, వాళ్లే తిట్టుకుంటారు. అయినా పెట్టింది. నాలుగు కాళ్ల మంచంలో ఒక్క కాలు ఊడదీసి తెచ్చి ‘ఇదిగో మంచం’ అంటే దాని మీద పడుకునేదెట్లా?

మన దగ్గరా ఒక ప్రయత్నం జరిగింది. 2006లో లోక్‌సభలో పెట్టిన పీటా సవరణ బిల్లు 8, 20 సెక్షన్లను తీసేయమంది. కొత్తగా 5సి పెట్టి, తరలించి తెచ్చిన బాధితురాలిని వాడుకోవడానికి గృహానికి వెళ్లినవాడికి మూడు నెలలు లేదా 20,000 జరిమానా అంది. సెక్స్ వర్కర్ల సంఘాలు 5సి ని గట్టిగా వ్యతిరేకించాయి, ఆ లోక్‌సభతో పాటే 2009లో బిల్లు మురిగిపోయింది. 5సి పోయినందుకు నాకు బాధ లేదు, ఎందుకో కింద చెబుతాను. దానితో పాటు 8, 20 రద్దు కూడా మురిగిపోవడమే నష్టం.

రాయలసీమ లెక్క వేరు. ఇది ప్రధానంగా కొనే సంత కాదు, మనుషులను పంపే నేల. కదిరి, చుట్టుపక్కల మండలాల నుంచి ఆడవాళ్లను ఢిల్లీ జీబీ రోడ్డుకు, పూణేకు, భివండికి తరలించారన్నది ఇరవై ఏళ్లకు పైగా అందరికీ తెలిసిన సంగతి. కదిరి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, దారి మాత్రం మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట శెనక్కాయ పంట రెండేళ్లు వరసగా పోతే అప్పు ఇచ్చే మనిషి ఇంటికొస్తుంది. ‘బొంబాయిలో వంట పని, నెలకింత’ అంటుంది. ఎక్కువసార్లు ఆమె తెలిసిన మనిషే, ఒకప్పుడు తానూ పోయొచ్చినదే. గుంతకల్లు మీదుగా కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ, ఉద్యాన్ ఎక్కితే పూణే, ముంబై. కొనేవాడు వందల కిలోమీటర్ల అవతల ఉంటాడు. అమ్మినవాళ్లు పక్క వీధిలో. అనంతపురం పోలీసు చేతికి అందేది ఈ పక్క వీధి మనిషి. లాడ్జి ముందు విటుల కోసం కాపు కాసే కానిస్టేబుల్‌ను ఆ మనిషి బ్యాంకు ఖాతా మీద కూర్చోబెడితే ఫలితం ఎక్కువ. ఢిల్లీ నుంచి నెలనెలా ఆమె ఫోన్‌పేకు వచ్చే చిన్న చిన్న మొత్తాలు, టికెట్లు బుక్ చేసిన నంబరు, రెండూ కాగితం మీద దొరికే సాక్ష్యాలు. వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ జత చేయడం మరిచిపోతే మాత్రం కోర్టులో అవి చిత్తు కాగితాలే. ఈ సర్టిఫికెట్ ఎగిరిపోవడం ఎంత సాధారణమంటే, దాని కోసం వేరే వ్యాసం రాయొచ్చు.

బసివిని ఆచారం సంగతి ఇక్కడ వదిలేయలేను. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు, కర్నూలు జిల్లాలో ఆదోని, ఆలూరు వైపు దేవుడి పేరు చెప్పి పిల్లను వదిలే పద్ధతి ఉండేది. 1988 దేవదాసీ నిషేధ చట్టం ఆ తంతు జరిపేవాళ్లనూ ప్రోత్సహించేవాళ్లనూ శిక్షిస్తుంది. ఆ తరువాత ఆమెను ఏళ్లపాటు వాడుకునే ఊరి పెద్దమనిషి ఆ తంతులో కనిపించడు. పేద తల్లి కనిపిస్తుంది. కొనేవాడిని వదిలేయడమంటే ఏమిటో మన ప్రాంతానికి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే నేను కొనుగోలుదారు నేరం అసలే వద్దనడం లేదు.

ఎలా ఉండాలంటే, ముందు 8, 10ఎ, 20 పోవాలి. 7లో శిక్ష ఆమెకు వర్తించకూడదు. గృహ నిర్వచనంలో ‘పరస్పర లాభానికి’ అన్న ముక్క తీసి, మూడో మనిషి లాభం ఉంటేనే గృహమనాలి. 4లో బలవంతం, పర్యవేక్షణ ఉంటేనే నేరం కావాలి, కొడుకు, తల్లి బయటికి రావాలి. ఇవన్నీ జరిగాకే కొనేవాడి సెక్షన్.

ఆ సెక్షన్‌కు నమూనా స్వీడన్ దగ్గర కన్నా ఇంగ్లండ్ దగ్గర బాగా దొరుకుతుంది. 2010 ఏప్రిల్ నుంచి అక్కడ, మూడో మనిషి బలవంతానికో మోసానికో గురైన వ్యక్తికి డబ్బిచ్చి సేవ పొందితే నేరం. అతనికి తెలుసా లేదా అన్నది ప్రశ్నే కాదు. మన న్యాయ సంహిత 144లో ప్రాసిక్యూషన్ ‘తెలుసు, లేక నమ్మడానికి కారణాలున్నాయి’ అని నిరూపించాలి. తెలుగు తప్ప ఇంకో ముక్క రాని కదిరి పిల్ల జీబీ రోడ్డు మెట్ల మీద ఉంది, డబ్బు ఆమె చేతికి కాక వేరేవాళ్ల చేతికి పోయింది, గదికి బయట నుంచి గొళ్లెం ఉంది. కారణాలంటే ఇవే. కానీ ఈ ప్రశ్నలు ఛార్జిషీటులో అడగరు. ఆమె భాష ఏమిటని రాసే గడి పంచనామా నమూనాలో ఉండాలి. తెలియకపోయినా నేరమే అనే నియమం పెడితే ఆ భారం దిగుతుంది, బలవంతం ఒక్కటి నిరూపిస్తే చాలు.

ఇంగ్లండ్ చట్టంలో శిక్షలు పడింది చాలా తక్కువమందికి. దానికి పెద్ద కారణాల్లో ఒకటి కాలపరిమితి. చిన్న నేరం కాబట్టి ఆరు నెలల్లో కేసు మొదలెట్టాలి. బలవంతంగా ఉన్న స్త్రీ పోలీసును నమ్మి నోరు విప్పేసరికి ఆరు నెలలు దాటిపోతాయి. మన దగ్గరా ఇదే గుంట ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ (నేర విచారణ పద్ధతి చట్టం) 514 ప్రకారం జరిమానా మాత్రమే ఉన్న నేరానికి ఆరు నెలలు, ఏడాది లోపు శిక్షకు ఏడాది, మూడేళ్ల లోపు శిక్షకు మూడేళ్ల గడువు. 2006 బిల్లులోని 5సి మూడు నెలల శిక్ష, అంటే ఏడాది దాటితే చెల్లదు. కాబట్టి కొత్త సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష మూడేళ్లకు మించి అయినా ఉండాలి, గడువు వర్తించదని విడిగా అయినా రాయాలి. నిర్వాహకుడి మీద సాక్ష్యం చెప్పే కొనుగోలుదారుకు క్షమాభిక్ష వీలు కూడా అందులోనే రాయాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా. 2003లో ఉమ్మడి రాష్ట్రం జీవో 1తో బాధితులకు తక్షణ సాయంగా 10,000 అంది, తరువాత 20,000 చేసింది. 2024-25లో ఉపాధి కూలి రోజుకు 300, నూరు రోజులు నిండా దొరికినా ఏడాదికి 30,000. ఆమెను మొదట పంపిన అప్పు ఈ రెండింటితో తీరదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా వచ్చే బాధితుల పరిహారం ఇంతకన్నా పెద్దదే. దానికి ఎఫ్‌ఐఆర్ నకలు, ఆధార్, ఆమె ఒక్కదాని పేరున బ్యాంకు ఖాతా కావాలి. ఖాతా భర్తతో జాయింట్‌గా ఉంటే డబ్బు ఎవరి చేతికి పోతుందో ఊహించుకోవచ్చు. జాతీయ న్యాయసేవా సంస్థ 2015 పథకం తరలింపు బాధితులకనే పెట్టింది, అడిగితే ఉచిత వకీలు వస్తాడు. అడగాలని ఆమెకు చెప్పేవాళ్లు కావాలి.

చివరి ముడి సాక్ష్యం దగ్గర. కేసు ఢిల్లీలోనో పూణేలోనో నడుస్తుంది, ఆమె ఇక్కడ ఉంటుంది. కూలి పోగొట్టుకుని, పిల్లలను ఎవరికో అప్పగించి, రెండు రాత్రులు రైల్లో పోతే వాయిదా పడిందంటారు. రెండోసారి ఆమె పోదు, నిందితుడు బయటికొస్తాడు. తరలింపుకు గురైన పిల్లల సాక్ష్యాన్ని వాళ్ల జిల్లా నుంచే వీడియోలో తీసుకునే పద్ధతికి 2022లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పెద్దవాళ్లకు కూడా ఈ వీలు అడగొచ్చు, దరఖాస్తు పెట్టాల్సింది అక్కడి పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఇక్కడ ఆమెను కదిరి కోర్టుకే రమ్మనకూడదు, అక్కడ బంట్రోతు నుంచి టీ కుర్రాడి దాకా తెలిసినవాళ్లే. అనంతపురమా, కడపా అని ఆమెనే అడగాలి. సమన్లు యూనిఫాంలో కానిస్టేబుల్ తెచ్చి వీధిలో పేరు పెట్టి పిలవకుండా, న్యాయసేవా సంస్థ పారాలీగల్ వాలంటీరు మామూలు చీరలో వెళ్లి ఇచ్చి, తేదీ, బస్సు టైము చెప్పి రావాలి.